లెక్క తప్పిన చుట్లు

ఇస్తారీ,
పుస్తకం మొదటి పేజీల నీ పేరు వేస్తనంటే
వద్దన్నవు.
"మోటర్ లోపటి వైండింగ్ ఎవడు జూస్తడే,
నీళ్లొస్తే సాలు" అన్నవు.
సరే, పేజీ ఖాళీగనే ఇడిసిన.
ఇది ఇడిగ రాస్తున్న కాయితం.
టికెట్ రోలు వెనక కాదు,
ఈసారి కొన్న తెల్ల కాయితమే.

కొండమల్లేపల్లి చౌరస్తాల నీ రేకుల షాపు.
ముందట రైతులు దించిపోయిన కాలిన మోటర్లు,
దవాఖాన వరండల రోగుల లెక్క.
ఆఖరి ట్రిప్పు దిగి, డిపోల పైసలు కట్టి నేనొచ్చేసరికి
వార్నిష్ డబ్బా బోర్లేసి పెట్టేటోనివి.
అదే నా కుర్చీ.

బోర్లు అడుగంటి, ఉత్తగ తిరిగి తిరిగి
మోటర్లు మాడిపోయే ఏప్రిల్ నెల.
నీకు చేతినిండ పని,
నాకు సంచినిండ కతలు.
డిండి దాక నిలబడే వొచ్చిన ముసలమ్మ,
కోడికి టికెట్ ఎందుకని కొట్లాడినోడు,
బిడ్డ మార్కుల మెమో
పదిసార్లు మడిసి పదిసార్లు ఇప్పిన గొర్లకాపరి.

నువ్వు రాగితీగె చుట్టుకుంటనే వినేటోనివి.
పెదాల మీద లెక్క నడిచేది,
ముప్పై ఒకటి, ముప్పై రెండు...
పసలేని కతకు ఆ లెక్క ఆగేది కాదు.
నలభై ఎనిమిది దాక సాఫీగ పోయేది.
నేను కాయితం మడిసి జేబుల పెట్టుకునేటోన్ని.

ఒక్కనాడు, గొర్లకాపరి కత సదువుతుంటే
నీ చెయ్యి గాలిల ఆగింది.
"ఎన్నయినయే?" అని నన్నడిగినవు.
నాకేం తెలుసు?
చుట్టిందంత ఇప్పి
మల్ల ఒకటి కాడికెళ్లి మొదలువెట్టినవు.
శాలువలు కప్పే సభలు నేను జూడలె.
జూసినా, అంతకన్న ఏం కప్పుతరు.

మెచ్చుకునుడు నీకు రాదు.
"మోటర్ కాలితే రైతు ఏడ్వడు,
ముందుగాల బీడి ముట్టిస్తడు.
ఏడుపు ఇంటికి పోయినంక, కంచం ముందట" అన్నవు.
మూడు పేజీల ఏడుపు కొట్టేసి
ఒక్క బీడి రాసిన.
సదివినోళ్లంత ఇప్పుడు
ఆ బీడి కాడనే ఆగుతున్నరు.

పదహారు రూపాయలు తేడా వొచ్చిన నెల యాదికుందా?
ఎవరిదో కత వినుకుంట
రెండు టికెట్లు కొట్టుడు మర్చిపోయిన.
"కతలు రాసెటోనికి లెక్క తప్పదా" అన్నడు మా సారు.
సస్పెన్షన్ కాయితం చేతికిచ్చిండు.
నీ షాపుల లెక్క తప్పితే అది కత,
నా బస్సుల తప్పితే అది నేరం.
ఆ రాత్రి మూడు నోటుబుక్కులు నీ ముందట పడేసి
తుక్కుల అమ్ముకోమన్న.
ఎనిమిది నెలలు అటుదిక్కు రాలె.

తుక్కు అమ్మినవు, నిజమే.
నోటుబుక్కులు కాదు.
ఏడాది పొడుగుత మోటర్ల నుంచి పీకి
బస్తాల దాసిన నల్లటి రాగి
నల్లగొండల తూకమేసి
ఆ పైసలు ప్రెస్సోని బల్ల మీద పెట్టొచ్చినవు.
నువ్వు చెప్పలె, ప్రెస్సోడు చెప్పిండు.
ఆ రాగి షాపు రేకులు మార్చేటందుకని
ముత్తెమ్మ వదిన చెప్పింది.
మొన్నటి వానకు గూడ కారినయ్ గద,
అవే రేకులు.

మన సోపతిల థ్యాంక్స్ అనే మాట ఎన్నడు తిరగలె.
ఇప్పుడంటే నువ్వు నవ్వుతవు,
నాకు గొంతుల అడ్డం పడుతది.
కొత్త పుస్తకం ఇప్పి వాసన జూస్తే
మందికి సిరా వాసనంట.
నాకైతే వార్నిషే.

రేపు నాది ఫస్టు ట్రిప్పు.
పోతు పోతు ఈ కాయితం నీ షట్టర్ కింద దోస్త.
చేతిల తీగె ఉన్నప్పుడే సదువు.
ఎన్నో చుట్టు కాడ ఆగినవో
సాయంత్రం చెప్పు.
ఆగకపోతే గూడ చెప్పు,
మడిసి జేబుల పెట్టుకుంట.